అత్తమ్మ ముందు కూర్చున్నవాళ్లు

బాపు ఎప్పుడూ నేను పనిచేసే బడికి రాలేదు. ఆ మధ్యాహ్నం తరగతి గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్లలు నాకంటే ముందే చూశారు. నేను బయటికి వచ్చేసరికి నా ముఖం చూడకుండా, గోడ మీద రాసిన అక్షరాల వైపు చూస్తూ, "అత్తమ్మ లేదు బిడ్డా" అన్నాడు.

అన్నం తిని మంచం మీద వాలిందట. రోజూలాగే కంట్లో చుక్కల మందు వేసుకుని కళ్లు మూసుకుందట. మందు వేసుకున్నాక కాసేపు కళ్లు తెరవకూడదని డాక్టరమ్మ ఏళ్ల కిందట చెప్పిన మాటను ఆమె ఏనాడూ తప్పలేదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. మందు లోపలికి దిగనీ అనుకున్నారు. ఎంతసేపటికీ తెరవకపోతే అప్పుడు పిలిచి చూశారు.

తెలంగాణ వచ్చిన సంబురానికి మా కాలనీలో కట్టిన రంగు కాగితాల తోరణాలు ఇంకా విప్పలేదు. వాటి కిందుగానే ఆమెను గోదారి ఒడ్డుకు తీసుకుపోయాం.

మా మేనత్త పేరున్న మనిషేమీ కాదు. గోదావరిఖనిలో ఒక బాయి దగ్గర క్యాంటీన్‌లో చాయ్ పోసేది. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. మా మామ ఆ బాయిలోనే పనిచేసేవాడు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు లోపల పైకప్పు కూలి చనిపోయాడు. పైకి తెచ్చాక అత్తమ్మకు ఆయన ముఖం చూపించలేదు. "చూడకు అక్కా, మంచిగున్నప్పటి ముఖమే యాది పెట్టుకో" అంటూ బాపే అడ్డంగా నిలబడ్డాడట. నిలువెల్లా గుడ్డ కప్పిన మనిషినే ఆమె సాగనంపింది. కొన్నాళ్లకు ఆయన కొలువుకు బదులుగా ఆమెకు క్యాంటీన్‌లో పని దొరికింది.

షిఫ్టు దిగి వచ్చేవాళ్ల ముఖాలు కళ్లు, పళ్లు తప్ప అన్నీ ఒక్కటే నలుపు. సెలవు రోజుల్లో నేను ఆమెతో క్యాంటీన్‌కు పోయి, చాయ్ అందించే కిటికీ పక్కన కూర్చుని చూసేదాన్ని. ఎవరు ఎవరో నాకు అంతుపట్టేది కాదు. ఆమె మాత్రం తల ఎత్తకుండానే "నీకు చక్కెర తక్కువ గదా", "ఏం కాకా, దగ్గు తగ్గలేదా?" అంటూ గ్లాసులు అందించేది. నడకను బట్టి, దగ్గును బట్టి మనిషిని పోల్చుకునేది. "ముఖంతోటి నాకేం పని బిడ్డా? అడుగు పడ్డదంటే ఎరుకయితది" అనేది. అయితే మాట్లాడకుండా గ్లాసు అందుకుంటే ఊరుకునేది కాదు. "ఊకె నిలబడితె ఎట్ల? ఏమన్న అను. మనిషివో కాదో తెల్వద్దా?" అని కసిరేది. అందరూ నవ్వేవాళ్లు.

కొలువు నుంచి దిగిపోయాక మా ఇంటి పక్కనే రెండు గదుల్లో ఉండేది. పిల్లలు లేరు. నన్ను కన్నబిడ్డలాగే చూసుకుంది. ఆమె అరుగు ఎదురుగా, తొవ్వకు అవతల, పాత క్వార్టర్ల వరుస ఒకటి ఉండేది. నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని ఇటువైపు వస్తోందని వాటిని ఖాళీ చేయించారు. తలుపులు, కిటికీలు, పై రేకులు ఎవరికి దొరికినవి వాళ్లు ఊడదీసుకుపోయారు. గోడలు మాత్రం మిగిలాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు గలగలలాడేవి. ఆ గోడల మీంచి ఇంత మట్టి రాలేది. ఆ తర్వాత చాలాసేపు పిట్ట కూడా అరిచేది కాదు.

ఆమెకు చూపు తగ్గుతోందని మాకు మెల్లగా తెలిసివచ్చింది. ఎడమ భుజం ఎప్పుడూ గుమ్మానికి తగిలించుకునేది. ఎడమవైపు నుంచి వెళ్లి పలకరిస్తే ఉలిక్కిపడేది. ఒకసారి చాయ్ పోస్తూ గ్లాసు పక్కన బండ మీద పోసింది. పోసినంతసేపూ గ్లాసు నిండుతోందనే అనుకుంది. సాయంత్రం వీధి దీపం వెలిగితే దాని చుట్టూ రంగుల చక్రం ఉందనేది.

"మోతిబిందు అయ్యుంటది" అన్నాడు వెనకింటి చాచా. ఆయన మోటార్ మెకానిక్. కొద్ది నెలల ముందే కంటి శుక్లం తీయించుకుని, మళ్లీ స్పానర్ పట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బహెన్. పొద్దుగాల పోతే మాపటికి ఇంట్ల ఉంటవ్. నన్ను చూడు, సూదిల దారం ఎక్కిస్తున్న."

అందుకే కరీంనగర్‌లో కంటి దవాఖానకు ధైర్యంగానే వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ నా ఈడుదే. కంట్లోకి లైటు వేసి, మళ్లీ వేసి చూసి, మాటలు వెతుక్కుంది. శుక్లం ఉన్నది నిజమే. దానితోపాటు గ్లకోమా కూడా ఉంది. మా వైపు నీటికాసులు అంటారు. కంటిలోపల ఊరే నీరు బయటికి పోవలసినంత పోక, లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని నలిపేస్తుంది. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, నొప్పి కూడా ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. ఎడమకన్ను అప్పటికే పోయింది. ఎన్నాళ్ల కిందట పోయిందో అత్తమ్మకే తెలియదు. మిగిలింది కుడికన్ను. అందులోనూ రెండు జబ్బులూ ఉన్నాయి.

తిరుగు బస్సులో అత్తమ్మ తన అరచేతితో కుడికన్ను మూసుకుని కూర్చుంది. చాలాసేపు తీయలేదు. "ఏమైంది అత్తమ్మా?" అంటే, "ఏం లేదు. ఎట్లుంటదో చూస్తున్న" అంది.

మొదట చుక్కల మందుతో చూద్దామన్నారు. ఆ చలికాలంలోనే అది మొదలైంది.

బడి నుంచి వచ్చేసరికి ఆమె అరుగు మీద స్టీలు గ్లాసులు వరుసగా పెట్టి ఉన్నాయి. అన్నింట్లోనూ చాయ్ ఉంది. కొన్నింటి నుంచి ఇంకా ఆవిరి లేస్తోంది. ఎవరూ తాగలేదు.

"ఎవరొచ్చిన్రు అత్తమ్మా?"

"డ్యూటీ దిగినోళ్లు" అంది. ఆ తర్వాత ఎదుటి పాడుబడ్డ క్వార్టర్ల వైపు చూసి, "ఇప్పుడే పోయిన్రు" అంది.

పాత పరిచయస్థులెవరో వచ్చి, తాగకుండానే తొందరగా వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. మళ్లీ ఒక ఆదివారం ఎండపూట ఆమె పక్కనే అరుగు మీద కాళ్లు చాపుకుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తొవ్వ మీద ఎవరూ లేరు. ఆమె నా మోకాలి మీద మెల్లగా తట్టింది.

"కాళ్లు ముడుచుకో బిడ్డా. ఆయనకు దారియ్యి."

నేను ముడుచుకున్నాను. ఎందుకు ముడుచుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె చూపు గుమ్మం నుంచి తొవ్వ దాకా, ఒక మనిషి నడిచేంత నెమ్మదిగా కదిలి, ఒక చోట ఆగింది. నేను చూసిన చోట ఎండ తప్ప ఏమీ లేదు.

"ఎవరాయన?"

"ఏమో. మాట్లాడరు గద" అంది మామూలుగా. "ముఖం నిండ మసి. నెత్తికి టోపీ, దీపం. అగో, గోడ పక్కకు ఇంకొందరు కూసున్నరు. చాయ్ ఇస్తె ముట్టరు. ఏమన్న అనుమంటె అనరు. అడుగు చప్పుడు సుత లేదు బిడ్డా, అదే నాకు మంచిగనిపిస్తలేదు."

ఆమెకు భయం లేదు. నాకే ఉంది. బాపుకు చెబితే మతి చలించిందంటాడనీ, ఊరికి తెలిస్తే భూతవైద్యుల దగ్గరికి తిప్పమంటారనీ ఎవరికీ చెప్పలేదు. అది మొదలు సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు నేను ఎదుటి గోడల వైపు చూడటం మానేశాను. చూడకపోయినా అక్కడెవరో కూర్చున్నట్టే ఉండేది.

కొన్ని వారాలకు చుక్కల మందుకు ఒత్తిడి లొంగడం లేదని డాక్టరమ్మ తేల్చింది. రెండు జబ్బులకూ ఒకేసారి ఆపరేషన్ చేస్తానంది. "మసకబారిన లెన్స్ తీసేసి కొత్తది పెడతాను. అదే విడతలో, పైరెప్ప కిందుగా, లోపలి నీరు పోవడానికి సన్నటి దారి చేస్తాను. రెండుసార్లు కత్తి పెట్టే పని ఉండదు. కానీ అమ్మా, నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవడానికే ఇది. ఆలస్యం చేయొద్దు."

అత్తమ్మ అంతా విని, "బాయిల నీళ్లు తోడినట్టే గద" అంది. డాక్టరమ్మ నవ్వి అవునంది. ఇంత తేలిగ్గా అర్థం చేసుకుంది, వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాను.

ఒప్పుకోలేదు. చలి తగ్గనీ అంది. చలి తగ్గాక, ఎండలు ముదిరాయంది. కాలు నొప్పంది. బాపుకు కోపం వచ్చింది. "ఉన్నదొక్క కన్ను అక్కా! అది సుత పోతె నిన్నెవరు చేయి పట్టుకొని తిప్పుతరు?" అని గట్టిగా అరిచాడు. ఆ ఒక్క కంటికి ఏమవుతుందోనన్న భయమేమోనని చాచా వచ్చి తన కన్ను చూపించి ధైర్యం చెప్పాడు. ఆమె అందరికీ చాయ్ పోసి పంపించింది. చూపు మాత్రం నెల నెలా ఇరుకవుతోంది. అన్నం పళ్లెంలో కూర ఎక్కడుందో వేలితో వెతుక్కునేది.

ఒక మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. గిన్నెలు గలగలలాడి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నేను ఆమె చేయి పట్టుకుని అడిగాను. "అత్తమ్మా, నువ్వు కత్తికి భయపడే మనిషివి కాదు. ఎందుకు వద్దంటున్నవ్? నాకు చెప్పు."

ఎదుటి గోడల వైపే చూస్తూ చెప్పింది. "కంటికి మంచిగయితె వీళ్లు రారేమోనని."

"రాకపోతె మంచిదే గద?"

"ఇంతమంది వస్తున్నరు. అందరు బాయి దిగినోళ్లే. ఒక్కనాడన్న మీ మామ రాడా? ఒక్కొక్కని దగ్గరికి పోయి చూస్తున్న బిడ్డా. మసి కిందికెళ్లి చూస్తున్న. ఇంక రాలె." నా వైపు తిరిగి అంది, "మీ బాపు ఆనాడు ముఖం చూడనియ్యలె. మంచికే చేసిండు. నేనేం అంటలేను. గని నాకు ఆ ముఖం బాకీ ఉన్నది."

మరుసటి వారం మందు కోసమని చెప్పి ఆమెను కరీంనగర్ తీసుకుపోయాను. అక్కడ అత్తమ్మ ఎదుటే డాక్టరమ్మకు అంతా చెప్పాను. అత్తమ్మ తల వంచుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అమ్మా, మీకు పిచ్చి లేదు. గాలీ ధూళీ కాదు. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి ఇట్లా కనబడుతుంది. కంటి నుంచి రావలసిన బొమ్మ రాకపోతే, మెదడు ఊరుకోక తనే బొమ్మలు కడుతుంది. చాలామంది భయపడి చెప్పరు. వాళ్లు మాట్లాడరు కదా?"

"మాట్లాడరు."

"ముట్టుకుంటే తగలరు?"

"తగలరు."

అత్తమ్మ చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అమ్మా, మరి తెల్సినోళ్లు వస్తరా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. అబద్ధం చెప్పమని నేను కళ్లతోనే వేడుకున్నానేమో తెలియదు. ఆమె చెప్పలేదు. "ఎక్కువగా రారమ్మా. నా దగ్గర చెప్పుకున్నవాళ్లలో దాదాపు అందరికీ కొత్త ముఖాలే కనబడ్డాయి. మనకు కావలసిన మనిషిని అది తేలేదు. దానికి మన దుఃఖం తెలియదు."

బయట పేర్లు పిలుస్తున్నారు. ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితె రాడు" అంది. తనకు తానే చెప్పుకున్నట్టుగా ఇంకోసారి, "రాడు" అంది. ఆ తర్వాత తల ఎత్తి, "ఎప్పుడు చేస్తరు?" అని అడిగింది.

ఆపరేషన్ రోజు కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి లోపలికి తీసుకుపోయారు. మనిషికి మెలకువ ఉంటుంది, నొప్పి ఉండదు. బాపు బయట బెంచీ మీద కూర్చోలేక, ఆ వరండా చివరి దాకా పోయి వస్తూనే ఉన్నాడు. బయటికి తెచ్చాక కట్టు కింద నుంచి ఆమె చెప్పిన మొదటి మాట ఇది. "దీపాలు కనబడ్డయి బిడ్డా. ఎర్రగ, నీలంగ. ఒక్కొక్కటే లోపటికి పోయినయి. ఎనకకు మర్లి చూడలె."

ఆ తర్వాత డాక్టరమ్మను అడిగితే, ఆపరేషన్ జరుగుతుంటే చాలామందికి రంగులూ వెలుగులూ కనబడతాయని చెప్పింది. అయినా ఆ మాట విన్నప్పుడు బాపు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. అరుగు ముందు కూర్చునేవాళ్ల సంగతి ఆయనకు ఏమీ తెలియదు.

కట్టు విప్పగానే అంతా బాగైపోలేదు. మొదటి రోజుల్లో ఒత్తిడి మరీ తగ్గి, చూపు ముందుకంటే మసకబారింది. చాచాకు తెల్లారే కనబడింది, ఈమెకేమైందని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇది ఉత్త శుక్లం ఆపరేషన్ కాదు, కుదురుకోవడానికి వారాలు పడుతుంది, వంగొద్దు, బరువెత్తొద్దు, తలస్నానం వద్దని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అత్తమ్మ పసిబిడ్డను మోస్తున్నట్టు తన తలను మోసింది. నేను చుక్కలు వేసేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, "అయిపోయిందా? తెర్వాల్నా?" అని అడిగేది.

ఒక పొద్దున చాయ్ తెచ్చిస్తే గ్లాసు అందుకోకుండా నా తల వైపు చూసింది. "అయ్యో, నీకు తెల్లెంటుకలొచ్చినయి" అంది. నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి నాకు. వెలుతురు స్పష్టంగా ఉంది, అక్షరాలు కూడా తెలుస్తున్నాయంది. పక్కలు మాత్రం మూసుకునే ఉన్నాయి. పోయింది పోయినట్టే ఉంది. ఉన్నది నిలబడింది.

ఆ సాయంత్రం అరుగు మీదికి నడిపించాను. ఎదుటి క్వార్టర్లను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, తల మెల్లగా తిప్పుతూ చూసింది. తలుపుల్లేని గుమ్మాలు. లోపల మొలిచిన పిచ్చిమొక్కలు. ఒక గోడ మీద ఎవరో పిల్లలు బొగ్గుతో గీసిన బండి బొమ్మ.

"ఎవరన్న ఉన్నరా అత్తమ్మా?"

"ఎవ్వరు లేరు" అంది. "ఇంత ఖాళీగున్నదా ఇది?"

అంతకుముందు ఆమె చూసినవాళ్ల గురించి విన్నప్పటి కంటే ఎక్కువ భయం ఆ మాటకు కలిగింది. ఆ తర్వాత వాళ్లు మళ్లీ రాలేదు. ఆమె కూడా వాళ్ల మాట ఎత్తలేదు.

తనకు దక్కిన చూపును ఆమె దాచుకోలేదు. కాలనీలో ఎవరికి కళ్లు మసకేసినా పట్టుకుని దవాఖానకు పంపేది. "మోతిబిందేనని ఇంట్ల కూసోకు. కంటి లోపటి ప్రెషర్ చూపించుకో. అది చెప్పి రాదు" అనేది. తోబుట్టువులకు కూడా వచ్చే జబ్బని డాక్టరమ్మ చెప్పిందని, బాపును చెవి పట్టుకున్నంత పనిచేసి తీసుకుపోయింది. బాపుకు అప్పుడే మొదలవుతోంది. దొరికిపోయింది. ఇప్పటికీ ఆయన రెండు కళ్లతో చూస్తున్నాడంటే అక్క పెట్టిన భిక్షే. ఆ సంగతి ఆయనే చెప్పుకుని ఏడ్చాడు, గోదారి ఒడ్డున.

ఆమెతో గడిపిన రోజుల్లో ఒకటి నన్ను వదలడం లేదు. తెలంగాణ కోసం బాయిలన్నీ బందై, అందరూ సమ్మెలో ఉన్న రోజులవి. బ్లాస్టింగ్ లేదు. డంపర్ల రొద లేదు. చెవులు పోయాయేమో అన్నంత నిశ్శబ్దం. అత్తమ్మ పొద్దున్నే చీర మార్చుకుని వచ్చి, "నన్ను ఓపెన్‌కాస్ట్ కాడికి తీస్కపో బిడ్డా" అంది. "మీ మామ పనిచేసిన బాయి మీదికెళ్లే తవ్విన్రట గద. గిప్పుడైతె చప్పుడుండది."

చాచా ఆటోలో దింపాడు. గేటు దగ్గర ఉన్న కావలి మనిషి మమ్మల్ని ఆపబోయి, ఆమె ముఖం చూసి, "క్యాంటీన్ అక్క కాదా?" అన్నాడు. ఆయనే ముందు నడిచి, కంచె ఉన్న ఒక గట్టు మీదికి తీసుకుపోయాడు.

కింద ఊరంత గుంత. మెట్లు మెట్లుగా దిగిపోయి, అడుగున నల్లగా తేలింది. యంత్రాలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఎదుటి గోడలో, బొగ్గు పొర మధ్యన, చదరపు చీకటి గుహలు వరుసగా కనబడ్డాయి. "అవి పాత బాయి దార్లు" అన్నాడు కావలి మనిషి. "లోపల మనం నడిచిన తొవ్వలే. ఇప్పుడు బయటపడ్డయి." ఒక గుహలోంచి సన్నటి పొగ వస్తోంది. లోపల మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకుంటుందట.

అత్తమ్మ తన ఒక్క కన్నుతో వాటిని చూసింది. పక్కలు కనబడవు కాబట్టి, ఒకటి చూశాక తల కొద్దిగా తిప్పి ఇంకొకటి చూసింది. అలా పోతూ పోతూ ఒక చోట ఆగింది. అక్కడ దారి పైభాగమంతా తవ్వకంలో పోయింది. లోపల పైకప్పుకు ఆనించడానికి ఎప్పుడో నిలబెట్టిన ఒక దుంగ మాత్రం పడకుండా అలాగే నిటారుగా నిలబడి ఉంది.

"దాని మీద ఏమున్నది బిడ్డా? నాకు తెలుస్తలేదు, నువ్వు చెప్పు."

నేను మళ్లీ చూశాను. "ఏం లేదు అత్తమ్మా. మొగులే, ఉత్త ఆకాశమే ఉన్నది."

ఆమె తల ఊపింది. ఎండ గుంతలోకి దిగి ఆ దుంగ మీద పడింది. దాని నీడ, మొన్నటిదాకా వెలుతురు చూడని ఆ నల్లటి నేల మీద, మనిషంత పొడవుగా పరుచుకుంది. అత్తమ్మ కంచె పట్టుకుని, ఆ నీడ జరిగిపోయేదాకా రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది.